నాన్న తోడుపెట్టిన పెరుగు

పొద్దున్నే బేకరీ నుంచి ఇంటికొచ్చిన తండ్రి చేతిలో ఆ రోజు రొట్టెల సంచీ లేదు. మూతపెట్టిన గిన్నె ఉంది.

"ఇదిగో పిచ్చుకా, గడ్డపెరుగు! కత్తి పెట్టి కోయొచ్చు" అన్నాడు గర్వంగా.

పిచ్చుక ఆయన ఒక్కగానొక్క కూతురు. గింజలేరినట్టు తింటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు. గోధుమల్లోని గ్లూటెన్ ఆమెకు పడదనీ, దానివల్ల పేగు దెబ్బతిని పాలు కూడా అరగడం లేదనీ డాక్టరు నిరుడు తేల్చింది. రెండూ మానేశాక ఒళ్ళు కుదుటపడింది. ఇప్పుడు పాలపదార్థాలు కొద్దికొద్దిగా మొదలుపెట్టమంది, ముందు పెరుగుతో.

ఊరందరికీ రొట్టెలు చేసిపెట్టే మనిషికి కన్నకూతురు తన రొట్టె ముట్టకపోవడం గొంతులో ముల్లులా ఉండేది. "అందరూ తినే గోధుమ దీనికొక్కదానికే చేదయిందా? అంతా భయం" అని ఏడాదిగా గొణుగుతూనే ఉన్నాడు. పెరుగు మాట వినగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇదైనా తన చేత్తో పెట్టాలనుకున్నాడు.

అమ్మాయి రెండు చెంచాలు తింది. కళ్ళు మూసుకుని మరీ తింది. మధ్యాహ్నానికల్లా కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది.

"పాలు నాకిక రాసిపెట్టి లేవమ్మా. ఆశపడ్డాను చూడు, నాదే బుద్ధితక్కువ" అంటూ ఏడ్చింది.

తల్లికి ఎక్కడో అనుమానం తగిలింది. "ఎక్కడ తోడుపెట్టారండీ?" అని, బేకరీ నుంచి మళ్ళీ భోజనానికొచ్చిన భర్తను నిలదీసింది.

"బేకరీలో, పొయ్యి పక్కన. ఆ వెచ్చదనానికే అంత బాగా తోడుకుంది."

"అక్కడ గాల్లో కూడా పిండే కదా! దానికి రవ్వంత తగిలినా చాలదూ!"

"మొదలుపెట్టావూ! నా పిండేమన్నా విషమా? గిన్నె బార్లా తెరిచి పెట్టడానికి నేనేం వెర్రివాణ్ణా? గుడ్డ కప్పాను. శుభ్రమైనదే. రోజూ పిండిముద్దల మీద కప్పే..."

మాట అక్కడే ఆగిపోయింది. భార్య ఆ పెరుగు గిన్నె తీసుకెళ్ళి పారబోసింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

కూతురి గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"తప్పు పాలది కాదు తల్లీ, నాది. చిన్నప్పుడు నువ్వు కడుపునొప్పని ఏడిస్తే, ఆకలేమోనని రొట్టె తుంచి నేనే నోట్లో పెట్టేవాణ్ణి."

"అప్పుడు నీకు తెలియదు కదా నాన్నా."

"అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా నమ్మలేదు."

కళ్ళు తుడుచుకోబోయి, చేతులకున్న పిండి చూసి ఆగిపోయాడు. చెంపల మీద నీళ్ళు అలాగే కారుతున్నాయి.

"పెరుగు లేకపోయినా బతికేదాన్ని నాన్నా. నా మాట నువ్వు నమ్మితే చాలనుకున్నాను" అంది కూతురు.

కడుపు నెమ్మదించాక, డాక్టరు మళ్ళీ ప్రయత్నించమన్నాక, అమ్మాయి ఇంటి వంటగదిలో తనే తోడుపెట్టుకుంది. ఈసారైనా పడుతుందో లేదోనని ఇంటిల్లిపాదికీ గుబులుగానే ఉంది. పెరుగు తోడుకునేసరికి తండ్రి బేకరీ నుంచి వచ్చాడు.

"రా నాన్నా, పులిసిందేమో చూడు."

ఆయన వంటింటి గుమ్మం దాటలేదు. "ఉండు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తా."

ఫర్వాలేదులే అని అమ్మాయి అనలేదు. చెంచా పక్కన పెట్టి, ఆయన వచ్చేదాకా కూర్చుంది.