సిమెంటు పలక చెప్పిన అంకె

ఉప్పు మైదానంలో నేల పట్టు కొలిచే పెద్దాయన తన గుడారంలోనే చచ్చిపడి ఉన్నాడు. మెడకి స్లెడ్ అనే చక్రాల్లేని బండిని లాగే తాడు, పిడికిట్లో స్ప్రింగ్ త్రాసు.

"రేపు పొద్దున్నే మన కారు రికార్డు పరుగు. గంటకి ఆరువందల కిలోమీటర్లు," అన్నాడు చీఫ్. "ఆ కారు చక్రాలు మన రహస్యం. బోల్తా పడితే ప్రాజెక్టు మూత. విదేశీ ముఠాకి కావలసిందదే. నడిపేది నీ మేనకోడలు. చెయ్యి వణికేట్టుంటే ఇప్పుడే చెప్పు."

"నా చెయ్యి వణికితే త్రాసు ముల్లూ వణుకుతుంది సార్. వణకదు," అన్నాడు ఏజెంట్ ఉడుము. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

తెల్లారేసరికి తెల్లగడ్డం అంటించుకుని, పెద్దాయన వేషంలో ఆయన డ్యూటీకి దిగాడు ఉడుము. అడుగున రబ్బరు ముక్క బిగించిన ఇరవై కిలోల స్లెడ్‌ని లాగాలి, త్రాసు చూపిన అంకె రాయాలి. పదికి తగ్గితే నేల జారుతుందని పరుగు రద్దు. ప్రతి కిలోమీటరు దగ్గరా పన్నెండే వచ్చింది. ఉప్పు మీద పక్షి నీడైనా లేదు.

"సంతకం పెట్టెయ్ తాతా," అంది వాతావరణ అధికారిణి. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఆవిడ అత్తరు అరకిలోమీటరు ముందొచ్చేది, మనిషి తీరిగ్గా వెనకొచ్చేది. ముఠాలో చేరి మనకి కబుర్లు మోస్తోందని చీఫ్ నమ్మకం.

"కాగితాలు తెస్తానమ్మా," అని ఉడుము గుడారంలోకి దూరాడు. పెద్దాయన నోటుపుస్తకం తెరిచాడు. మొదటి పేజీలోనే ఉంది: ముందు పలక, తరవాతే నేల. మంచం కింద సిమెంటు పలక. దానిమీద స్లెడ్ లాగితే మూడేళ్ళుగా ఒకటే అంకె, పద్నాలుగు.

ఉడుము లాగాడు. పద్దెనిమిది.

పలక మారలేదు, బరువు మారలేదు. రబ్బరు మార్చేశారు, ఎక్కువ పట్టుండే మెత్తది బిగించి అంకె పెంచారు. ముఠా ట్రాక్‌ని ముట్టుకోనేలేదు, కొలతని ముట్టుకుంది. రాత్రి నేలలోంచి చెమ్మ ఊరింది. అసలు పట్టు తొమ్మిది చిల్లర. పిల్ల చస్తే అందరూ ప్రమాదమనే అనుకుంటారు!

వైర్‌లెస్ నొక్కి చూశాడు, పనిచెయ్యలేదు. స్లెడ్ ఈడ్చుకుంటూ స్టార్టింగ్ లైన్‌కి పరిగెత్తాడు. ఇంజన్ గర్జిస్తోంది.

వాతావరణ అధికారిణి చేతిలో ఫైలు చాటునుంచి పిస్తోలు డొక్కలో గుచ్చుకుంది.

"పచ్చజెండా ఎత్తు తాతా. గడ్డం ఊడుతోంది, చూసుకో."

"మూడు... రెండు..." మైకులో టైమ్‌కీపర్.

"ఆ చెప్పులతో ఉప్పు మీదకెలా వచ్చావమ్మా?"

ఆవిడ చూపు ఒక్క రెప్పపాటు కిందికి దిగింది. ఉడుము తాడు గుంజాడు. ఇరవై కిలోల స్లెడ్ మడమకి తగిలింది. ఆవిడ కూలబడి జర్రున జారింది. గుండు ఆకాశంలోకి పోయింది. ఎర్రజెండా లేచింది. కారు జానెడు కదిలి ఆగిపోయింది.

"ఎవడయ్యా నువ్వు? నా రికార్డు మంటగలిపావు!" అంటూ దిగిన మేనకోడలు, చేతిలో గడ్డంతో నిలబడ్డవాణ్ణి చూసి నోరు తెరిచింది. "మావయ్యా!"

జీపులో వచ్చి పడ్డాడు చీఫ్. "నేల జారుతోందనడానికి రుజువేదీ?"

"మేడమ్ కూర్చున్నపళంగా పదకొండడుగులు జారారు సార్."

"ఒక్క కొలత చెల్లదయ్యా. మూడుసార్లు లాగి సగటు తియ్యి."

మేడమ్ కళ్ళద్దాలు తీసేసింది. "అక్కర్లేదు. అన్నీ చెబుతా, రాసుకోండి."