లోపల ఆరని రాయి

పద్నాలుగేళ్లుగా ఆయనకు ఒక అనుమానం ఉంది. పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అది వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ చేపలు నిజంగా మేత ఎక్కువయ్యే చచ్చిపోయాయా?

ఇంట్లో ఎవరినీ అడిగే ప్రశ్న కాదది. దేవుడిని అడగవచ్చు గానీ, దేవుడు తొందరపడి జవాబు చెప్పడు. ఆ రోజు కూడా ఆయన కళ్లు తెరిచి, చొక్కా వేసుకుని, వెనక వరండాలోకి వెళ్లాడు.

కూతురు నేల మీద కూర్చుని ఆరడుగుల కొండకు సీసాతో నీళ్లు చిలకరిస్తోంది. ఫోమ్‌తో చేసిన కొండ అది. ప్లాస్టిక్ జల్లెడ పలక మీద డబ్బాలోని నురుగును పలచగా కొట్టి, అది ఉబ్బి గట్టిపడ్డాక కత్తితో రాళ్లలా, చెట్ల వేళ్లలా చెక్కి, పైన సిమెంటు రంగు పూస్తుంది. చేపల తొట్టి వెనక నిలబెడితే ఏటి ఒడ్డును కోసి తెచ్చి పెట్టినట్టే ఉంటుంది. బీమా ఆఫీసులో ఉద్యోగం మానేసి ఆరు నెలలుగా ఇదే పని. ఈ మొదటి పెద్ద పని చెడితే మళ్లీ ఆఫీసుకు పోతానని ఇంట్లో ఒప్పుకుంది.

ఆయనకూ ఫోమ్ కొత్త కాదు. కిటికీలు బిగించడం ఆయన వృత్తి. చట్రానికీ గోడకీ మధ్య సందుల్లో ముప్ఫై ఏళ్లుగా అదే నురుగు నింపుతున్నాడు.

"గుప్పెడూ, ఇంకా ఎన్నాళ్లే?" అన్నాడు.

ఎనిమిదేళ్లప్పుడు చేపలకు గుప్పెళ్లతో మేత వేసి చంపేసిందని పడిన పేరు అది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

"ఈ గుహ మూలకి ఇంకో నాలుగు పొరలు నాన్నా. రోజుకొకటి."

"నాలుగు రోజులా! గురువారానికి ఇస్తానని డాక్టరుగారికి మాటిచ్చాను. పిల్లల ఆసుపత్రి, తొట్టి ఖాళీగా పెట్టుకుని కూర్చున్నారు."

"మాట నువ్విచ్చావు. కొండ నేను కడుతున్నాను."

"ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు," వంటింట్లోంచి తల్లి అందుకుంది. "ఇద్దరూ సామెతలు తిని కడుపు నింపుకుంటారా, టిఫినుకి వస్తారా? ఏమే, ఆ కిటికీ దగ్గర తొట్టిలో నీళ్లు మార్చావా? చేపల్లేని తొట్టి మా ఇంట్లోనే చూస్తారు ఎవరైనా. నీళ్లకి కాపలా కాస్తున్నాం."

అది కూతురి చిన్న తొట్టి. చేసిన ప్రతి గోడలోంచీ ఒక ముక్క తీసి అందులో నానబెట్టి చూస్తుంది. చేపలను మాత్రం వేయదు. ఎవరైనా అడిగితే "నా చేతికి అవి పడవు" అంటుంది.

టిఫినయ్యాక ఆమె గోడను అద్దానికి అతికించే జిగురు కోసం బజారుకు వెళ్లింది. ఆ రోజు ఆయనకు పని లేదు. వరండాలో రెండు నిండు డబ్బాలు కనిపించాయి. గుహ మూల బోసిగా కనిపించింది. నాలుగు రోజుల పని గంటలో తేల్చేస్తే పిల్లకు సాయమే కదా అనుకున్నాడు. రెండు డబ్బాలూ ఒకే దెబ్బకి కొట్టేశాడు. నురుగు ఉబ్బి జానెడు మందాన నిలబడింది. మధ్యాహ్నానికి గోటితో తడితే టకటకమంది. కత్తితో నాలుగు చోట్ల చెక్కి, సిమెంటు కూడా పూశాడు.

కూతురు వచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే గుహ మూల చూసింది.

"ఎవరు చేశారిది?"

"ఇంకెవరు? చూడు, రాయి కంటే గట్టిగా ఉంది. రేపు నీళ్లు పోసేయచ్చు."

"ఎన్ని పొరలు కొట్టావు?"

"పొరలేంటే? ముప్ఫై ఏళ్లుగా కొడుతున్నాను, నాకు ఫోమ్ సంగతి నేర్పుతావా?"

"నువ్వు కొట్టేది వేలెడు సందులో నాన్నా! ఇది జానెడు మందం. ఇది ఆరాలంటే తడిగాలి తగలాలి. పైపొర గట్టిపడితే లోపలికి గాలే వెళ్లదు."

"నేను పట్టిన కుందేలుకి..."

"మూడే కాళ్లు. తెలుసు. ఆగు."

ఆమె పెద్ద కత్తి తీసుకుని మూలకు నిలువుగా దింపింది. రెండు చేతులతో విప్పింది. పైన గట్టి పెంకు. లోపల పసుప్పచ్చటి జిగురు, తీగలు తీగలుగా సాగుతూ.

"ఇది నీళ్లలో పెడితే ఏమవుతుందో తెలుసా? లోపలి మందు మెల్లగా కారుతుంది. రెండు రోజుల్లో ఒక్క చేప మిగలదు. పసిపిల్లలు చూస్తుండగా తేలతాయి. ఇక నాకెవరు పనిస్తారు?"

"ఎన్ని రోజులన్నావు?"

"రెండు. ఏం?"

ఆయన కత్తికి అంటిన జిగురును వేలితో తాకాడు. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"మొహం అలా ఉందేమిటండీ?" అంది భార్య.

"దాని ఎనిమిదో ఏట, తొట్టి వెనక నేనో గుహ చేసిపెట్టాను, గుర్తుందా?"

"ఉంది. ఆ తర్వాతే కదా చేపలు..." ఆవిడ ఆగిపోయింది. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. "వెళ్లి దానికి చెప్పండి. నాక్కాదు."

ఆయన మళ్లీ వరండాలోకి వచ్చాడు. కూతురు పాడైన మూలను కోసి తీసేస్తోంది.

"ఆ చేపలు నీ మేత వల్ల పోలేదమ్మా."

కత్తి ఆగింది.

"సాయంత్రం గుహ చేశాను, మర్నాడు నీళ్లు పోసి చేపల్ని వదిలాను. రెండు రోజులు తిరిగేసరికి అన్నీ తేలాయి. పైన కాస్త మేత కనిపించింది. నువ్వు ఎక్కువ వేశావన్నాను."

"నీకు ఇప్పుడే తెలిసిందా?"

అబద్ధం చెప్పడానికి అదే సులువైన చోటు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ గుహ పీకి పారేసేటప్పుడు లోపలి జిగురు వేలికి అంటుకుంది. అప్పుడే అనుమానం వచ్చింది. నీళ్లలో నానడం వల్లేమోలే అని సర్దిచెప్పుకున్నాను. పద్నాలుగేళ్లు సర్దిచెప్పుకున్నాను."

"నేను చేపల షాపులకెళ్తే మేత వేయమంటారు నాన్నా. చేతికి దెబ్బ తగిలిందని చెప్తాను. ప్రతిసారీ అదే దెబ్బ." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వేమో రోజూ ఆ పేరుతో పిలిచావు."

ఆయన కళ్లు తుడుచుకోలేదు. పక్కన కూర్చుని, ఆమె కోసిన ముక్కలను సంచిలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఫోన్ తీసి డాక్టరుగారికి చేశాడు.

"ఇంకో వారం పడుతుందండీ. అమ్మాయి తప్పు కాదు. తొందరపడి నేను పాడుచేశాను."

అవతల డాక్టరుగారు పెద్దగా నవ్వి ఏదో అన్నారు.

"ఏమన్నారు?" కూతురు తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయన దగ్గరికొచ్చే పిల్లలందరికీ మందు డోసు ఎక్కువేసేది తండ్రులేనట."

ఆమె నవ్వలేదు గానీ, రెండో కత్తి ఆయన వైపు జరిపింది. "వేలెడు మందం దాటకూడదు."

"దాటను."

రోజుకొక పొర చొప్పున కొట్టారు. ఆయనే సీసాతో నీళ్లు చిలకరించాడు. చివరి పొర ఆరాక ఆమె కోసి చూపించింది. లోపలా బయటా ఒకేలా, పొడిగా ఉంది.

ఆదివారం పొద్దున ఆయన దణ్ణం పెట్టుకుని బయటికి వెళ్లాడు. ఆ రోజు పక్కన ఏదీ వచ్చి కూర్చోలేదు. తిరిగొచ్చినప్పుడు చేతిలో నీళ్ల సంచి, అందులో రెండు చిన్న చేపలు.

"ఇవేంటి?" అంది కూతురు.

"అప్పుడు ఏడుస్తుంటే మాటిచ్చానుగా. ఆదివారం రెండు చేపలు తెచ్చిస్తానని."

"అది పద్నాలుగేళ్ల కిందటి ఆదివారం నాన్నా."

"అవును. కాస్త ఆలస్యమైంది."

సంచిని అలాగే కిటికీ దగ్గరి తొట్టిలో తేలనిచ్చారు. కొంతసేపయ్యాక ఆమె సంచి మూతి విప్పింది. రెండూ బయటికొచ్చి ఫోమ్ రాయి చాటుకు పోయాయి. సాయంత్రం తల్లి వంటింటి గుమ్మంలోనే నిలబడింది, టిఫినుకి పిలిచే పని లేకపోయినా, వాళ్లనే చూస్తూ.

కూతురు మేత డబ్బాలోంచి చిటికెడు తీసింది. సగం మళ్లీ డబ్బాలో వేసింది.

"ఇది చాలా నాన్నా?"

"నన్నడక్కమ్మా," అన్నాడాయన. "నీకే తెలుసు."

ఆమె వేళ్లు విప్పింది.