కొండ మీద స్వాగతం బోర్డు

"కాస్త సంప్రదాయంగా కనిపించండి మేడమ్," అన్నాడు టూరిజం ఆఫీసరు, కెమెరా సర్దుకుంటూ.

జీన్స్ ప్యాంటులో ఉన్న గైడమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. "మేం రోజూ ఇలాగే ఉంటాం. నచ్చితే తీసుకోండి, లేకపోతే కొండ దిగండి."

తొలి పరిచయమే తలనొప్పి. అయినా అతను దిగలేదు. ఆ కొండ ఊళ్లో టూరిస్టులకు బస ఏర్పాటు చేసి, పాటలూ నేతపనీ చూపించడం అతని మొదటి ప్రాజెక్టు. డైరెక్టరమ్మ వచ్చి చూసి సరేనంటే ఇక్కడే పోస్టింగు, కాదంటే బదిలీ. ఈ అమ్మాయి మళ్లీ కనిపించదు. మొదట్లో అదేమంత నష్టమనిపించలేదు గానీ, వానలు మొదలయ్యేసరికి ఆ ఆలోచనొస్తే అన్నం సహించడం లేదు.

"ఊరి మొదట్లో బోర్డు పెడదాం. మీ భాషలో స్వాగతమని రాయండి," అన్నాడొక రోజు.

"ఆ మాట మాకు లేదండీ."

"మరి కొత్తవాళ్లొస్తే ఏమంటారు?"

ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. బ్రష్ తీసుకుని, తెలుగు అక్షరాల్లో తమ భాష మాటలు పెద్దగా రాసింది. అతను వాటిని బట్టీపట్టి, కనిపించిన ప్రతి పెద్దమనిషికీ అప్పజెప్పాడు. ఊరు ఊరంతా ముసిముసిగా నవ్వింది. తన ఉచ్చారణ బాగున్నందుకేనని మురిసిపోయాడు.

డైరెక్టరమ్మ జీపు దిగగానే చేతులు జోడించి అదే అన్నాడు.

"అంటే ఏమిటి?" అందావిడ.

గైడమ్మాయి అమ్మమ్మ బోసినోటితో చెప్పింది. "అల్లుడా, అలిసిపోయొచ్చావు, లోపలికి రా అని తల్లీ. ఈ కొండెక్కి కొత్తగా వచ్చేది అల్లుళ్లేగా!"

ఆఫీసరుకు పైప్రాణాలు పైనే పోయాయి. డైరెక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "నన్ను అల్లుడన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఈ బోర్డు మార్చకండి. నువ్వు కూడా ఇక్కడే ఉండవయ్యా!"

జీపు వెళ్లిపోగానే వాన అందుకుంది. అతను గైడమ్మాయి వెంటే ఇంటి చూరు కిందికి పరుగెత్తాడు.

"పరువు తీశారు కదండీ! టూరిస్టులందరినీ అల్లుళ్లని చేస్తారా?"

"బోర్డు రాసిన రోజుకి టూరిస్టులెవరున్నారు?" ఆమె అతని వైపు చూడకుండా జడ పిండుకుంది. "కొండెక్కి వచ్చింది మీరొక్కరే."

అతనికి అర్థమవడానికి కాస్త టైమ్ పట్టింది.

"నా... నాకు మీరంటే చాలా ఇష్టమండీ. బదిలీ అంటారేమోనని నిన్నంతా భయంతో చచ్చాను."

"తెలుసు. నిన్న మీరు వదిలేసిన అన్నం మా కోళ్లే తిన్నాయి."

లోపలినుంచి అమ్మమ్మ కేకేసింది. "ఊరందరికీ చెప్పావు గానీ, ఆ మాట నీకే ఎక్కలేదా? వానలో ఏం నిలబడతావు? అల్లుడా, లోపలికి రా!"