తిరిగి రానని టిక్ పెట్టినవాడు

“ఆధార్ కార్డు చూపియ్యండి,” అంది ఆ అమ్మాయి, గేటు తియ్యకుండానే.

జెరెమియా వానలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో చెల్లెలి పెళ్లి కేకు డబ్బా. గొడుగును మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. ఆ అవతారంలో మనిషి ఎంత హుందాగా కనిపించాలనుకున్నా కొంగలాగే కనిపిస్తాడు.

“ఆధార్ లేదండీ. పాస్‌పోర్ట్ ఉంది.”

“ఆధార్ లేకుండ ఎట్లుంటరు? మా గల్లీల కోడిపిల్లలకు తప్ప అందరికుంది.”

“నేను ఫారినర్‌ని.”

ఆమె అతణ్ణి తల నుంచి తడిసిన చెప్పుల దాకా ఒకసారి, చెప్పుల నుంచి తల దాకా ఇంకోసారి చూసింది.

“ఏ ఫారిన్? మన లాలాగూడనా?”

అతనికి కోపం రాలేదు. రోజూ పొద్దున అద్దంలో చూసుకున్నప్పుడు తనకూ అదే అనుమానం వస్తుంటుంది.

నిజానికి అతను ఫారినరే. తండ్రి లెక్కల మాస్టారుగా సీషెల్స్ దీవులకు వెళ్లి, అక్కడే స్థిరపడి, ఆ దేశపు పౌరుడైపోయాడు. జెరెమియా అక్కడే పుట్టాడు. కాని ఎనిమిదో ఏట మల్కాజిగిరిలోని నానమ్మ దగ్గరికి వచ్చినవాడు ఆమె పోయేదాకా ఆమె దగ్గరే పెరిగాడు, ఇక్కడే చదివాడు, ఇప్పుడు బేగంపేటలో ఉద్యోగం చేస్తున్నాడు. నవ్వినా తిట్టినా సికింద్రాబాద్ యాసే. పాస్‌పోర్ట్ ఒక్కటే దీవిది. మన సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే ఏ బాధా ఉండదని ఆరేళ్లుగా అందరూ చెబుతూనే ఉన్నారు. అతనూ ఆరేళ్లుగా ‘వచ్చే వారం’ అంటూనే ఉన్నాడు. అందుకే ఏటా ఒక వీసా, దానికి తోడు ఇక్కడ ఉండడానికి ఒక రెసిడెన్స్ పర్మిట్.

చెల్లెలి పెళ్లికని రెండు నెలలు సెలవు పెట్టి సీషెల్స్‌కు వెళ్లేముందు పాత గది ఖాళీ చేశాడు. బొల్లారంలో, రిటైర్డ్ రైల్వే గార్డు జీవరాజు ఇంటి పైపోర్షన్‌ను స్నేహితుడు కిషన్ ఫోన్లోనే మాట్లాడి పెట్టాడు. పిలగాడు మంచోడని చెప్పాడు గాని, విదేశీయుడని చెప్పలేదు.

గేటు దగ్గరున్నది జీవరాజు మేనకోడలు షెకీనా. ఆయన ఇంట్లోనే ఉంటూ సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. ఫారాలు నింపడమంటే ఆమెకు చిక్కుడుకాయలు ఒలిచినంత తేలిక.

“ఫారినర్స్‌ని ఇంట్ల పెట్టుకుంటే ఇరవై నాలుగు గంటలల్ల ఆన్‌లైన్ల చెప్పాలె. లేకుంటే మా మామయ్యకు పరేషాన్,” అని అతణ్ణి వరండాలో నిలబెట్టి, అతని మీంచి నీళ్లు కారుతుండగానే ఫోన్లో ఫారం తెరిచింది. “ఎందుకొచ్చిన్రు?”

“ఇంటికొచ్చిన.”

“ఇంటికి అనే ఆప్షన్ లేదు. ఉద్యోగమని పెడుతున్న.”

ఆమె తల వంచుకుని టైప్ చేస్తుంటే, ఒక వానచుక్క ఆమె ముక్కు చివర వేలాడుతూ పడాలా వద్దా అని ఆలోచించుకుంటోంది. జెరెమియా ఆ చుక్కనే చూస్తూ తన పుట్టిన తేదీ తప్పు చెప్పాడు.

* * *

మూడో రోజు అతని మెయిల్‌కు ఒక ఉత్తరం వచ్చింది. ప్రింట్ తీయించుకోవాలని క్లాక్ టవర్ దాకా వెళ్లాడు. ఆఫీసులో ప్రింటర్ ఉన్న సంగతి అతనికి ఆ రోజు ఎందుకో గుర్తుకు రాలేదు.

కాగితం బయటికి వస్తుండగానే షెకీనా చదివేసింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

“ఇదేందీ? మీరు ఇండియా ఇడిచిపెట్టి పోయిన్రంట. మీ పర్మిట్ క్లోజ్ చేసిన్రు.”

“నేనిక్కడే ఉన్న కదా!”

“మీరున్నరు. పర్మిట్ పోయింది.”

వీసా ఇంకా ఉంది కాబట్టి విమానాశ్రయంలో రానిచ్చారు. ఉండడానికి మాత్రం కాగితం లేదు. పద్నాలుగు రోజుల్లో సంజాయిషీ ఇచ్చి పర్మిట్ తిరిగి తెరిపించుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. అదీ ఉత్తరం సారాంశం.

షెకీనా అతని చేత లాగిన్ చేయించింది. వెళ్లేముందు అతను నింపిన ఫారం తెర మీదికి వచ్చింది. ‘శాశ్వతంగా ఖాళీ చేసి వెళ్తున్నారా?’ అన్న ప్రశ్న ఎదురుగా, ‘అవును, తిరిగి రాను’ అన్నచోట నిక్షేపంలాంటి టిక్కు.

“రూమ్ గురించి అడుగుతున్నరనుకున్న,” అన్నాడు జెరెమియా. “రూమ్ ఖాళీ చేసిన కదా మరి.”

“పైన దేశం అని రాసుంది. చదవలే?”

“చదవలే.”

“అసలు మీరేం పని చేస్తరు?”

అతను జవాబు చెప్పే ముందు ఒకసారి వీధిలోకి చూశాడు. వాన కూడా సరిగ్గా అప్పుడే ఆగింది, వినడానికన్నట్టు.

“మిక్సీలు, గీజర్లు కొంటే లోపల చిన్న పుస్తకం వస్తది చూడండి, ఎట్ల వాడాలె అని. అవి రాస్తా. మొదటి పేజీల ఎప్పుడూ ఒకటే మాట ఉంటది. ‘వాడే ముందు సూచనలన్నీ శ్రద్ధగా చదవండి.’”

షెకీనా నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదరక ప్రింటర్ మీద తల ఆనించి భుజాలు కదిలేలా నవ్వింది. జీవితంలో మొదటిసారి జెరెమియాకు తన మూర్ఖత్వం మీద గౌరవం కలిగింది. ఎంత పనికొచ్చింది!

ఆ రోజు నుంచి సాయంత్రాలన్నీ ఆ సెంటర్లోనే. కంపెనీ లెటర్ ఒకరోజు, జీవరాజు సంతకం పెట్టిన అద్దె ఒప్పందం ఒకరోజు. సంజాయిషీ ఉత్తరం మాత్రం జెరెమియా స్వయంగా రాశాడు, నాలుగు పేజీలు. అందులో నానమ్మ ఉంది, మల్కాజిగిరి ఉంది, మాతృభూమి మూడుసార్లు ఉంది.

షెకీనా చదివి ఎర్రపెన్ను తీసింది. అయిదు లైన్లు మిగిల్చింది. మొదటి లైను: ‘తప్పు నాది. ప్రశ్న సరిగ్గా చదవకుండా టిక్ పెట్టాను.’

“ఇంత సూటిగనా? జెర ఇజ్జత్ ఉంచరా?”

“ఇజ్జత్ కావాల్నా, పర్మిట్ కావాల్నా?”

ఇద్దరూ ఒకే ఎంఎంటీఎస్ రైల్లో బొల్లారం వెళ్లేవాళ్లు. ఆమె కిటికీ పక్కన, అతను ఎదురుగా. అమ్మానాన్నలు కాజీపేటలో ఉంటారని, నాన్న వద్దన్నా అమ్మ గాజులు అమ్మి సెంటర్ పెట్టించిందని ఆమె చెప్పింది. వారం తిరిగేసరికి అతని దగ్గర పాస్‌పోర్ట్ జెరాక్సులు నలభై పోగయ్యాయి. ఆమెను చూడడానికి అంతకంటే మంచి సాకు అతని బుర్రకు తట్టలేదు.

ఉత్తరం వచ్చిన ఎనిమిదో రోజు సాయంత్రం కిషన్ ఫోన్ చేశాడు. చేతులు ఫైల్‌లో ఉన్నాయని జెరెమియా స్పీకర్ నొక్కాడు. తర్వాత ఆ వేలును చాలాసార్లు తిట్టుకున్నాడు.

“ఎందుకురా ఇంత తక్లీఫ్?” అన్నాడు కిషన్, షాపంతా వినబడేలా. “లోకల్ పిల్లతోని ఎంగేజ్‌మెంట్ అయిందని చెప్పు, పనైపోతది. ఆ జెరాక్స్ అమ్మాయున్నది కద, గామెను అడుగు. నీకు సుత ఇష్టమే నాయె!”

ఫోన్ కట్ చేసేసరికి ఆలస్యమైంది. షెకీనా స్టేప్లర్‌తో కాగితాలు కుడుతోంది. ఒకటే చప్పుడు, టక్కు టక్కుమని.

ఇలాంటప్పుడు తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. జెరెమియా తెరిచాడు.

“వాడు మజాక్ చేసిండు. కానీ ఆఖరి మాట మాత్రం నిజమే. మీరంటే నాకు ఇష్టం.”

స్టేప్లర్ ఆగింది.

“నేనంటేనా, నా అడ్రస్ అంటేనా?”

“అట్ల కాదు...”

“ఆరు రోజుల్ల దేశం ఇడిచిపెట్టి పోవాల్సినోడు ఇయ్యాల ఇష్టమంటే నేనేమనుకోవాలె? నువ్వే చెప్పు.”

మీరు కాస్తా నువ్వు అయింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఆ పిలుపు ఇలా వస్తుందని అతను అనుకోలేదు. ఆమె షట్టర్ దించి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

* * *

పర్మిట్ ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు పొద్దున, పై మెట్టు మీద ఫైల్ ఉంది. కాగితాలన్నీ వరసలో పెట్టి, ఏది ఎక్కడుందో రంగురంగు చీటీలంటించి ఉన్నాయి. మనిషి మాత్రం లేదు. కోపంలోనూ పని చెడగొట్టని మనిషి ఆమె. జెరెమియా ఒక్క చీటీ కూడా ఊడకుండా ఫైల్‌ను కవర్లో పెట్టుకుని బయల్దేరాడు.

ఆఫీసులో నీలం చీర కట్టుకున్న అధికారిణి కాగితాలన్నీ తిప్పింది. సంజాయిషీ చదివినప్పుడు ఆమె పెదవి చివర కొద్దిగా వంగింది.

“ఇక్కడ మీకెవరున్నారు?”

‘ఎంగేజ్‌మెంట్ అయిందని చెప్పు’ అన్న కిషన్ గొంతు చెవిలో మోగింది. ఒక్క మాట. పక్క కౌంటర్లో ఒకాయన సరిగ్గా అలాంటి మాటే చెప్పి, నవ్వుతూ లేచి వెళ్తున్నాడు కూడా.

“నానమ్మ ఉండె మేడం. పోయింది. ఇప్పుడు కాయితం మీద రాసేటంత దగ్గరోళ్లు ఎవరూ లేరు.”

“కాగితం మీద రాయలేని వాళ్లున్నారా?”

అతను తల వంచుకున్నాడు. “ఒకరున్నరు మేడం. ఆ పేరు ఈ ఫైల్‌ల పెడితే పర్మిట్ దొరుకుతదేమో. ఆమె మాత్రం ఇగ దొరకదు.”

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. “ఈ ఉత్తరం మీరే రాశారా?”

“నేను నాలుగు పేజీలు రాసిన. ఆమె అయిదు లైన్లు చేసింది.”

“ఆమెకు నా థాంక్స్ చెప్పండి. నాలుగు పేజీలు చదివే ఓపిక నాకు లేదు,” అని ఫైల్ పక్కన పెట్టింది. “పరిశీలించి ఆన్‌లైన్‌లో చెబుతాం.”

ఆ సాయంత్రం జెరెమియా గదిలో కూర్చుని ఓసీఐ దరఖాస్తు తెరిచాడు. ఎవరి సాయమూ అడగలేదు. ప్రతి ప్రశ్నా రెండుసార్లు, చిన్న అక్షరాలు మూడుసార్లు చదివాడు. నానమ్మ ట్రంకుపెట్టెలోంచి తండ్రి పాత పాస్‌పోర్ట్ వెతికి తీశాడు. ఆరేళ్లు వాయిదా వేసిన పని మూడు గంటల్లో అయిపోయింది. పనిలో పనిగా తనను తాను గట్టిగా ఒకటి మొట్టుకున్నాడు.

నాలుగు రోజులు షెకీనా కనిపించలేదు. కనిపించినా కనిపించనట్టే వెళ్లింది. అయిదో రోజు మధ్యాహ్నం పర్మిట్ వచ్చింది, ఏడాదికి.

ఆఫీసు వదిలిన వెంటనే క్లాక్ టవర్‌కు వెళ్లాడు. వాన దంచి కొడుతోంది. షాపులో ఆమె ఒక్కతే ఉంది. కౌంటర్ మీద రెండు కాగితాలు పెట్టాడు.

“ఇది పర్మిట్. ఇది ఓసీఐ కోసం అప్లై చేసిన రసీదు. నేనే నింపిన, ఎవర్నీ అడగలే. అది గూడ వస్తే, ఈ దేశంల ఉండనీకి నాకు ఎవరి అడ్రస్సూ అక్కర్లేదు.” ఊపిరి పీల్చుకున్నాడు. “గందుకే ఇప్పుడు అడుగుతున్న. కాయితాల కోసం కాదు. నువ్వు వద్దంటే పైపోర్షన్ సుత ఖాళీ చేస్తా, నీకు ఇబ్బంది లేకుండ.”

ఆమె కాగితాల వైపు చూడనైనా లేదు.

“పర్మిట్ వచ్చిందని నాకు నీకంటె ముందే తెలుసు.”

“ఎట్ల?”

“నీ అప్లికేషన్ నంబర్ నా దగ్గరున్నది కదా. చూస్తున్న.”

“రోజూనా?”

“గిరాకీ లేనప్పుడల్ల.”

“ఎప్పుడుండదు గిరాకీ?”

“ఈ వారం అసలే లేదు,” అంది షెకీనా, చూపులు కీబోర్డు మీదే ఉంచి. “వచ్చినోళ్లను సుత రేపు రమ్మన్న.”

అర్థం కావడానికి జెరెమియాకు కొంచెం సమయం పట్టింది. అతను ఏదైనా రెండుసార్లు చదివితే గాని ఎక్కని మనిషి. ఎక్కాక ఏం మాట్లాడాలో తెలియక, “షట్టర్ నేను దించుతా,” అన్నాడు. దించబోయి వేలు నలగ్గొట్టుకున్నాడు. ఆమె ఆ వేలు పట్టుకుని ఊదింది. రైలు ఎక్కాక కూడా వదల్లేదు.

ఇంటికి చేరేసరికి జీవరాజు వరండాలో కుర్చీ వేసుకుని వాన చూస్తున్నాడు. ఇద్దరినీ ఒకే గొడుగు కింద చూసి కుర్చీలో నిటారుగా అయ్యాడు.

“మామయ్యా, పర్మిట్ వచ్చింది,” అంది షెకీనా, గొడుగు దులుపుతూ.

“మంచి ముచ్చట. ఎన్నాళ్లకిచ్చిన్రు, బిడ్డా?”

“ఏడాదికి, మామా,” అన్నాడు జెరెమియా.

ఇన్నాళ్లూ సార్ అని పిలిచిన నోరు. మాట జారాక పట్టుకోవడానికేం లేదు. షెకీనా పొడిగా దులిపిన గొడుగునే మళ్లీ దులుపుతోంది.

“నేను నీకు ఎప్పటి సంది మామనైన?”

“ఇందాక... ఆరున్నర నుంచి, మా... సార్.”

జీవరాజు మేనకోడలి వైపు చూశాడు. ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

“ముప్పై రెండేండ్లు గార్డు పని చేసిన,” అన్నాడు నెమ్మదిగా. “లైన్ క్లియర్ ఉన్న బండిని ఒక్కనాడు సుత ఆపలే. షెకీనా, మీ అమ్మకు ఫోన్ కలుపు. నువ్వు కూసో, పిలగా.”

కాజీపేటలో ఫోన్ మోగుతోంది. షెకీనా జెరెమియా వైపు చూసి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. కూర్చోమన్న సంగతి మరిచిపోయి, అతను వాన జల్లు పడుతున్న మెట్టు మీదే నిలబడి ఉన్నాడు.

“హలో అమ్మా,” అంది ఆమె. “నీతోని ఒక మాట చెప్పాలె.”