పదిహేడో ట్రాక్

సౌండ్ ఇంజనీరు కుర్చీలో కూర్చునే చనిపోయాడు. చెవులకు హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. మెడ చుట్టూ ఎర్రటి గీత. ఎదురుగా కంప్యూటర్లో పాట ఇంకా ఆడుతూనే ఉందట.

"మనవాడే," అన్నాడు చీఫ్, ఫొటోను బల్ల మీద ఇవతలికి తోస్తూ. "నిన్న మధ్యాహ్నం. జేబులో ఈ చీటీ దొరికింది."

చీటీలో రెండే ముక్కలు. శనివారం పదింటికి. పదిహేడో ట్రాక్.

ఏజెంటు మొహం చిట్లించాడు. శవాలు ఆయనకు కొత్తేమీ కాదు. కానీ అంత మంచి పనివాడు ఆఖరిసారి విన్నది పాయిఖానాలు కడిగే లోషన్ ప్రకటన అని తెలిసేసరికి ముక్కు మూసుకోవాలనిపించింది. ఇలా ప్రతిదానికీ మొహం అదోలా పెడతాడనే డిపార్టుమెంటులో ఆయనకు వేపకాయ అని పేరు. అసలు పేరు చీఫ్‌కు కూడా గుర్తున్నట్టు లేదు.

"మనవాడు చేరిన ఆ స్టూడియో ఫారిన్ ముఠాది," చీఫ్ చెప్పుకుపోయాడు. "పైకి రేడియో ప్రకటనలు, మ్యూజిక్ ప్రొడక్షన్ క్లాసులు. పాటలో వెనకాల టిక్కు టిక్కుమని తాళం వస్తుంది చూడు, ఆ టిక్కుల మధ్య ఎడాల్లో కోడ్ దాస్తారు. శనివారం పదింటికి లోషన్ పాట అక్కణ్ణుంచి రేడియోకు లైవ్‌లో వెళ్తుంది. సరిహద్దు అవతల వింటూ రాసుకుంటారు."

"ఏం రాసుకుంటారు?"

"తొమ్మిది పేర్లు. అక్కడ మనకు పనిచేస్తున్నవాళ్లవి." చీఫ్ గొంతు తగ్గించాడు. "నాలుగోది మీ చెల్లెలిది."

వేపకాయ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. చెల్లెలు అక్కడ దుబాసీగా చేస్తోంది. ఆ పనిలో పెట్టింది తనే. ఏం కాదులేవే, నేనున్నాగా అని రైలెక్కించింది కూడా తనే.

"రెయిడ్ చేద్దాం సార్."

"తలుపు తట్టామా, మరుక్షణం ఆ మేనేజరు ఫోన్‌లో పేర్లన్నీ చదివేస్తాడు. పాట సాఫీగా పోతోందని వాడు నమ్మాలి. పేర్లు మాత్రం పోకూడదు. ముప్ఫై సెకన్ల పాట. అది ముగిసేసరికి మనవాళ్లు లోపలుంటారు. నువ్వు రేపట్నుంచి అక్కడ స్టూడెంటువి."

"నాకు కంప్యూటర్లో పాట కట్టడం ఏం వచ్చని?"

"అందుకేగా క్లాసు. మూడు రోజులుంది. లోపల మన డబుల్ ఏజెంట్ ఒకరున్నారు. ఎవరో పైవాళ్లు నాకే చెప్పలేదు."

మర్నాడు నెరిసిన విగ్గు, కట్టుడు పళ్లు, కాడలో ట్రాన్స్‌మిటర్ ఉన్న కళ్లజోడుతో రిటైరైన గుమాస్తా ఒకడు స్టూడియో మెట్లెక్కాడు.

గది తడి సాక్సుల కంపు కొడుతోంది. గోడలకు అతికించిన స్పాంజి జిడ్డు పట్టి నల్లబడింది. కీబోర్డు మీటల సందుల్లో ఎప్పటిదో బిస్కట్ పొడి. హెడ్‌ఫోన్స్‌కు ఎవరిదో పొడుగాటి వెంట్రుక, ఇంకెవరిదో చెమట. వేపకాయ జేబురుమాలుతో నాలుగుసార్లు తుడిచి పెట్టుకున్నాడు. అయినా చెవికి జిగటగా అంటుకుంది.

పాఠం చెప్పేది టీచరమ్మ. నల్ల గౌను, ముదురు లిప్‌స్టిక్, మోకాళ్లదాకా బూట్లు. ఆ బూటులో పిస్టల్ ఉందని వేపకాయ నడక చూసే కనిపెట్టాడు.

"అంకుల్, ఇలా చూడండి. ఈ త్రికోణం ప్లే. పక్కనున్న చతురస్రం స్టాప్. అదీ కాకపోతే స్పేస్ బార్ కొట్టండి, ఆగిపోతుంది. ఒక్కో వాయిద్యానికి ఒక్కో ట్రాక్. ఎమ్ అంటే మ్యూట్, ఆ ట్రాక్ నోరు మూసుకుంటుంది. ఎస్ అంటే సోలో, అదొక్కటి తప్ప అన్నీ నోరు మూసుకుంటాయి."

"ఆ ఎస్ ఏదో మనుషులకు కూడా ఉంటే బాగుండేదమ్మా."

"సరదాగా మాట్లాడతారే. ఏదీ, ఇప్పుడు పాట ఆపండి."

వేపకాయ మౌస్ జరిపి ఎర్రటి గుండ్రని బటన్ నొక్కాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆయనది. లిఫ్టులో గానీ, ఫ్యాక్టరీలో గానీ, బాంబు పెట్టెలో గానీ ఎరుపంటే ఆపేదే. వేలికి అదొక్కటే తెలుసు.

పాట ఆగలేదు. "చండాలంగా ఉంది" అని తను గొణుక్కున్నది మాత్రం ఎదురుగా ఉన్న మైకులోంచి పోయి వయొలిన్ ట్రాక్‌లో ఎక్కింది.

"అది రికార్డు అంకుల్," అని ఆమె ఆయన మణికట్టు మీద పెన్సిల్‌తో తట్టింది. "మీరు ఏ ట్రాక్ సెలెక్ట్ చేసుంటే అందులో ఉన్నది చెరిగిపోయి మీ మాటలు పడతాయి. రేడియో లైను కలిపి ఉంటే మీ చండాలం ఊరంతా వింటుంది."

మూడు రోజుల్లో ఆయన ఆ తప్పు ఇరవై రెండుసార్లు చేశాడు. ఇరవై రెండుసార్లూ పెన్సిల్ దెబ్బ తిన్నాడు. శత్రువుల చేత దెబ్బలు తినడం వేరు, అంకుల్ అనిపించుకుంటూ తినడం వేరు.

శనివారం తొమ్మిదీ యాభై ఆరు. పెన్ను మూతలోని తీగతో కంట్రోల్ రూమ్ తాళం తీశాడు. తెర మీద లోషన్ పాట, బల్ల మీద మైకు సిద్ధంగా ఉన్నాయి. పైనుంచి లెక్కపెట్టి పదిహేడో ట్రాక్ సెలెక్ట్ చేశాడు. ఎస్ నొక్కి, కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్స్‌కు చెవి ఆనించి విన్నాడు. ఉత్త టిక్కులు, వంకరటింకర ఎడాలతో. అదే. సోలో తీసేసి ఎమ్ నొక్కాడు. మ్యూట్ దీపం పసుపుగా వెలిగింది. హమ్మయ్య అనుకున్నాడు.

మెడ వెనక చల్లగా ఏదో ఆనింది.

"చేతులు బల్ల మీద పెట్టు తాతా," అన్నాడు మేనేజరు, చూయింగ్ గమ్ నములుతూ. వాడి పక్కన టీచరమ్మ. ఆమె చేతిలో పిస్టల్.

మేనేజరు వంగి మ్యూట్ తీసేశాడు. రేడియో లైను కలిపాడు. గడియారంలో పది కొట్టగానే త్రికోణం నొక్కాడు. గదిలో స్పీకర్లు లేవు. పాట హెడ్‌ఫోన్స్‌లోంచి దోమ రొదలా వినిపిస్తోంది.

"మొదటి ఆరు సెకన్లు ఉత్త మ్యూజిక్," అన్నాడు వాడు తాపీగా. "ఆ తర్వాత మీవాళ్లు."

ఆపాలి. ఎలాగైనా ఆపాలి. వేపకాయ చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. నొక్కేశాడు.

ఎర్ర బటన్.

మేనేజరు పగలబడి నవ్వాడు. "మూడు రోజులు నేర్చుకుని ఆపడం కూడా రాలేదా? అటు చూడు, ఆడుతూనే ఉంది."

ఆడుతూనే ఉంది. కానీ పదిహేడో ట్రాక్‌లో ఒక్కో టిక్కే చెరిగిపోతూ ఎర్ర పట్టీ పాకుతోంది. వేపకాయ చూశాడు. టీచరమ్మా చూసింది. ఆమె కళ్లు తెర మీంచి మైకు మీదికి, అక్కణ్ణుంచి ఆయన మీదికి వచ్చాయి. ఇరవై రెండుసార్లు పెన్సిల్‌తో కొట్టిన మనిషి ఇరవై మూడోసారి పెదవి విప్పలేదు.

లోపలి మనిషి ఎవరో ఆయనకు అర్థమైంది. ఇక మేనేజరు చూపు తెర మీద పడకుండా చూసుకోవాలి, అంతే. వాడి వైపు తిరిగి కూర్చున్నాడు. నటించాల్సిన అవసరం రాలేదు.

"ఛీ," అన్నాడు. కడుపులోంచి వచ్చింది. "నీ మీద కోపం కూడా రావట్లేదురా, వాంతికొస్తోంది. తొమ్మిది ప్రాణాలు తీయడానికి నీకు పాయిఖానా లోషన్ పాటే దొరికిందా? ఆ ఇంజనీరు నీకేం చేశాడు? పనిలో ఉన్న మనిషిని వెనకనుంచి చంపుతావా?"

"వాడు ఎక్కువ విన్నాడు, అందుకే చంపాను," అన్నాడు మేనేజరు గమ్ బుడగ ఊదుతూ. "నువ్వు కూడా విను. ఈపాటికి నాలుగో పేరు పోయుంటుంది."

వేపకాయ పళ్ల బిగువున కూర్చున్నాడు. కట్టుడు పళ్లు కిర్రుమన్నాయి. దోమ రొద ఆగింది. పాట అయిపోయింది.

మేనేజరు తెర వైపు తిరిగాడు. ఎర్ర పట్టీ చూశాడు. గమ్ నోట్లోంచి జారి కీబోర్డు మీద పడింది. ఫోన్ కోసం చెయ్యి చాచేలోపు టీచరమ్మ పిస్టల్ వాడి కణతకు ఆనింది.

"అంకుల్, రికార్డు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు స్పేస్ బార్."

గమ్ సరిగ్గా దాని మీదే పడి ఉంది. వేపకాయ ఒక్కసారి కళ్లు మూసుకుని నొక్కాడు. అప్పుడే తలుపు విరిగి మనవాళ్లు లోపలికొచ్చారు.

మర్నాడు పొద్దున్న చీఫ్ గదిలో ఫోన్ మోగింది. చెల్లెలు. సరిహద్దు ఇవతలి నుంచి.

"అన్నయ్యా, రేడియోలో ఎవరో ఛీ అన్నారు. చిన్నప్పుడు నేను వండింది తిన్నప్పుడల్లా విన్న ఛీ అది. నువ్వు రేడియోలోకి ఎక్కావంటే ఏదో కొంప మునిగిందనుకున్నా. మిగతావాళ్లకూ చెప్పి సంచి సర్దుకుని వచ్చేశా."

వేపకాయ రిసీవర్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "మంచి పని చేశావే," అన్నాడు. జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. అది హెడ్‌ఫోన్స్ తుడిచిన రుమాలని తర్వాత గుర్తొచ్చింది.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "లోషన్ కంపెనీవాళ్లు నిన్నటినుంచి ఒకటే ఫోన్లు. పాట మధ్యలో ఆ ఛీ బ్రహ్మాండంగా కుదిరిందట. మిగతా మాటలు తీసేసి ఇకమీదట ఆ ఛీ ఒక్కటీ ఉంచుతారట."

"ఛీ," అన్నాడు వేపకాయ.

"ఆ, అదే," అన్నాడు చీఫ్. "సరిగ్గా అలాగే ఇంకో టేక్ కావాలంటున్నారు."