కార్పెట్ ఇంకా ఆరలేదు

“ఏటండీ సాయిశంకర్ గారూ, కార్పెట్‌కి తలంటు పోత్తన్నారా?”

మేడమీద ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఒక చేత బకెట్టు, మరొక చేత షాంపూ సీసా పట్టుకుని నిలబడ్డ సాయిశంకర్ ఉలిక్కిపడి చూశాడు. ఎదురుగా, ఉతికిన బట్టల బుట్టను నడుముకు ఆనించుకుని సూర్యకళ నవ్వుతోంది. ఆ నవ్వు ముందు షాంపూ సీసాతో హుందాగా నిలబడటం ఎవరికైనా కష్టమే.

“మీ నాన్నగారి రూలే కదండీ! ఇల్లు ఖాళీ సేసేవోడు కార్పెట్‌ని సొంతంగా శుభ్రం సేసి, ఆరబెట్టి, సుట్టి, ఆయన సేతికిచ్చి మరీ దిగాల.”

“అయితే దిగిపోడానికి తెగ తొందరగా ఉన్నాదన్నమాట మీకు.”

“ఆటో రేపు సాయంత్రానికి మాటాడీసినానండీ.”

“ఓహో!” అంది సూర్యకళ. నవ్వు సగంలో ఆగిపోయింది.

కూర్మన్నపాలెంలో సూర్యకళ తండ్రి అర్జునరావు ఇంటి పై వాటాకు ఆ వెన్నరంగు కార్పెట్టే పెద్ద అలంకారం. ఒకప్పుడు ఏదో ఓడలో కెప్టెన్ గదిలో పరచి ఉండేదట. ఆ ఓడ ఆయుష్షు తీరిపోయాక, రేవు దగ్గర ఓడసామాను అమ్మే మౌలాలి దుకాణంలో అర్జునరావు దాన్ని ముచ్చటపడి కొన్నాడు. స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక ఆయన తాము ఉండే కింది వాటా ముందు గేట్లు, గ్రిల్లులు చేసే వర్క్‌షాపు పెట్టుకున్నాడు. అక్కడ గ్రైండరు తిరిగినంతసేపూ ఇనుప రజను లేచేది. కొంత కిటికీల గుండా, కొంత చెప్పుల అడుగున మేడెక్కి ఆ కార్పెట్ పోగుల్లో దూరి స్థిరపడేది.

అద్దెకుండేవారు కూడా అలాగే స్థిరపడేవారు. ఇంటినుంచి పనిచేసే వెసులుబాటు ఉన్నన్నాళ్ళూ సాయిశంకర్ ఆ మేడ దిగవలసిన అవసరమే రాలేదు. ఇప్పుడు రుషికొండలోని కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. ఊరికి ఈ కొసన ఇల్లు, ఆ కొసన ఉద్యోగం. రుషికొండలో ఉన్న స్నేహితుడు నరేష్ తన ఫ్లాట్లో ఒక గది ఖాళీగా ఉందన్నాడు, తనకు తెలిసిన ఆటోవాణ్ణి కూడా చూపించాడు. వెళ్ళిపోవడమే సబబని బుద్ధి చెబుతోంది. ఒక్క మాట చెప్పకుండా ఎలా వెళ్తావని మనసు అడుగుతోంది.

ఆ మాట సూర్యకళతో చెప్పవలసినది. సాయంత్రాలు వర్క్‌షాపు కట్టేశాక ఆమె వాకిట్లోకి వస్తుందని తెలిసి, సరిగ్గా ఆ వేళకే బాల్కనీలో కాఫీ తాగడం అలవాటు చేసుకున్నవాడు అతడు. అయితే ఆధారం లేనిదే దేన్నీ నమ్మని మనిషి. ఆమెకు తనపై ఇష్టం ఉందా? మామిడికాయ పప్పు పంపింది, నిజమే. కానీ కరెంటు మీటరు చూడవచ్చినాయనకు కూడా మజ్జిగ ఇచ్చింది. వర్షంలో తడిసి వస్తే తువ్వాలు అందించింది. అదే తువ్వాలుతో ముందు వాళ్ళ కుక్కను తుడిచింది. ఏ సాక్ష్యమూ పరీక్షకు నిలిచేలా లేదు.

అందుకని మాట గొంతులోనే ఉంచుకుని, బకెట్టు ఎత్తి కార్పెట్ మీద గుమ్మరించాడు.

సూర్యకళ పెదవి విప్పింది. చెయ్యి కూడా సగం ఎత్తింది. తర్వాత ఏమనుకుందో, ఆ చేత్తోనే ఒక చీర తీసి దండెం మీద ఆరవేసింది.

“ఏటో సెప్పబోయారు?”

“ఏటీ నేదు. పొయ్యండి, ఇంకో బకెట్ పొయ్యండి. బాగా నానాల కదా!”

అతడు శ్రద్ధగా ఇంకో నాలుగు బకెట్లు పోశాడు. నురగ తెల్లగా లేచింది. నల్లటి నీళ్ళు తూములోంచి కింద వర్క్‌షాపు వాకిట్లోకి ధారగా పడ్డాయి. సూర్యకళ చివరి జాకెట్టు ఆరవేసేదాకా అక్కడే ఉండి, ఖాళీ బుట్టతో దిగి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే సాయిశంకర్ మేడెక్కి చూశాడు. వెన్నరంగు కార్పెట్ నిండా గోధుమరంగు మచ్చలు. ఒకటీ రెండూ కాదు, ఆటలమ్మ పోసిన ఒంటిమీదలా సందు లేకుండా లేచి ఉన్నాయి. తన పరిస్థితి వెంటనే అర్థమైంది. ప్రేమ సంగతి చెప్పుకోవలసిన ఇంట్లో ముందుగా నేరం ఒప్పుకోవాలి.

“తుప్పు,” అంది వెనకనుంచి సూర్యకళ. ఒక చేతిలో నిమ్మకాయలు, ఉప్పు, చాకు, పాత కాగితం పెట్టిన గిన్నె, ఇంకో చేతిలో పాత బనీను గుడ్డ చుట్టిన నల్లటి బిళ్ళ ఒకటి. ఏదో పెద్ద స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం అది.

“మీ నాన్నగారు సంపీత్తారండీ నన్ను!”

“సంపరు. కూకోండి ముందు. పైన పొడిగానే ఉన్నాది, మిగిలిన రజను తీసీవచ్చు. ఆ తరవాత మచ్చలకి నిమ్మరసం, ఉప్పు. ముందు ఓ మూల రాసి సూద్దాం, రంగు పోతే మళ్ళా అదో గొడవ.”

ఆమె అయస్కాంతాన్ని కార్పెట్ మీద నెమ్మదిగా, పోగుల వాలు వెంట లాగింది. గుడ్డకు నల్లటి రజను గడ్డంలా మొలిచింది. గుడ్డ విప్పి దులిపితే అంతా కాగితంమీద రాలింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ లాగింది. సాయిశంకర్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

“ఇంత సులువా?”

“ఏటి, మీకు తెల్దా? వర్క్‌షాపు కట్టీగానే రోజూ సాయంత్రం ఇదే అయస్కాంతంతో నేలంతా రజను ఏరతాను కదా. బాల్కనీలో నిల్చుని కాఫీ తాగుతా సూసేవోరు కూడాను!”

“సూసేవోణ్ణే...” అన్నాడు సాయిశంకర్. మాట దానంతటదే బయటికి వచ్చేసింది. “కానీ నాను సూసింది అయస్కాంతాన్ని కాదండీ.”

సూర్యకళ చెయ్యి ఆగింది. కింద ఎవరో గ్రిల్లు ఈడ్చిన చప్పుడైంది. పోపు వాసన మేడదాకా వచ్చింది. ఆమె తల ఎత్తలేదు గాని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడు సాయిశంకర్ బుద్ధి మెల్లగా పనిచేయడం మొదలుపెట్టింది. సూర్యకళ గాజువాకలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. ఇనుమూ నీళ్ళూ కలిస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ కార్పెట్‌లో ఉన్నది ఇనుమని ఆమెకంటే బాగా తెలిసినవారూ లేరు. నిన్న తాను బకెట్టు ఎత్తినప్పుడు నోరు విప్పింది, చెయ్యి ఎత్తింది, ఆగిపోయింది. పైగా ఇంకో బకెట్టు పొయ్యమంది. పరీక్షకు నిలిచే సాక్ష్యం ఇన్నాళ్ళకు దొరికింది.

“సూర్యకళ గారూ, నిన్న నీళ్ళు పోత్తంటే నన్నెందుకు ఆపలేదు?”

“నిమ్మకాయలు కొయ్యండి.”

“కోత్తాను. ముందు సెప్పండి.”

“కడిగి ఆరబెట్టీస్తే రేపు ఎల్లిపోతానన్నారు.” ఆమె రజను కాగితాన్ని అనవసరంగా నాలుగు మడతలు పెట్టింది. “తుప్పు పడితే వొదిలేదాకా ఉండాల కదా అనుకున్నాను. కార్పెట్ పాడైతే బాగుసెయ్యడం నాకు వొచ్చు. మీరు ఎల్లిపోతే ఏటి సెయ్యాలో నాకు తెల్దు.”

సాయిశంకర్ నిమ్మకాయ కోయబోయి వేలు కోసుకున్నాడు. ఆ గాయం మీద నిమ్మరసం పడ్డా మంట తెలియలేదు.

“మరి నోటితో ఉండిపొమ్మనొచ్చు కదండీ!”

“మీరు నోటితో ఉంటానన్నారా? ఆటో మాటాడీసినానన్నారు.”

“మీకు నా మీద... అంటే, మీటరు ఆయనక్కూడా మజ్జిగిచ్చారు కదా!”

“ఆయనకి మజ్జిగిస్తే మీకేటి?” అని కసిరి, తానే పకపకా నవ్వేసింది. “అమ్మ ఊరగాయకని దాసుకున్న నిమ్మకాయలు ఎత్తుకొచ్చీసినాను మీకోసం. దీనికన్నా ఏటి కావాలి మీకు?”

నిజానికి ఇంకేమీ అక్కరలేదు. మూలన రాసి చూస్తే రంగు పోలేదు. ఒక మచ్చ మీద ఉప్పు చల్లి నిమ్మరసం పిండడం, కాసేపు ఆగి తడిగుడ్డతో అద్దడం, మరో మచ్చకు వెళ్ళడం. ఇద్దరూ చెరో అంచున మొదలుపెట్టారు. మచ్చలు తగ్గేకొద్దీ ఇద్దరి మధ్యా దూరం తగ్గింది. నడిమధ్య మిగిలిన ఒకే ఒక్క మచ్చకు ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. అది వదలడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ సమయమే పట్టింది.

మధ్యాహ్నం ఎండ మేడను నిప్పుల పళ్ళెం చేసింది. సాయంత్రానికల్లా కార్పెట్ కరకరలాడుతూ ఆరిపోయింది. అప్పుడే నరేష్ ఫోన్ చేశాడు.

“ఏటి బావా, ఆటోవోడు బయల్దేరతానంటన్నాడు. పంపించీమంటావా?”

“వొద్దు బావా. ఆ గదికి ఇంకెవరినైనా సూసుకో.”

“మరి ఆఫీసు? రోజూ అక్కణ్ణించి వొస్తావేటి? రెండు గంటల బస్సు బావా!”

“బస్సులో కూకునే కదా రావడం, నడిసి కాదు కదా,” అని సాయిశంకర్ ఫోన్ పెట్టేశాడు. సూర్యకళ ముఖం తిప్పుకుని సముద్రం ఎటుందో వెతుకుతున్నట్టు నటించింది. అక్కణ్ణించి సముద్రం కనబడదు.

అంతలో మెట్లమీద అర్జునరావు చెప్పుల చప్పుడైంది.

“ఏటి బాబూ, కార్పెట్ ఆరిందేటి? సుట్టీ, లోపలెట్టీద్దాం.”

“ఇంకా ఆరలేదు నాన్నా,” అంది సూర్యకళ గబుక్కున.

అర్జునరావు మేడమీదికి వచ్చాడు. వంగి, అరచెయ్యి కార్పెట్ మీద ఆనించాడు. పొయ్యిమీది పెనంలా వెచ్చగా, కాగితంలా పొడిగా ఉంది. ఒక్కొక్కటీ వరసగా చూశాడు. పిండేసిన నిమ్మచెక్కలు, అయస్కాంతం, ఎర్రబడ్డ కూతురు, వేలికి గుడ్డకట్టు కట్టుకున్న కుర్రవాడు.

“అవును, బాగా తడిగా ఉన్నాది,” అన్నాడు చేతిని పంచెకు తుడుచుకుంటూ.

సాయిశంకర్ గొంతు సవరించుకున్నాడు. “మావయ్యగారూ, నాను మీతో ఓ మాట...”

ఇన్నాళ్ళూ ‘అర్జునరావుగారూ’ అంటూ దూరంగా పలికిన కుర్రవాడు మొదటిసారి మావయ్యా అనడం అర్జునరావు గమనించకపోలేదు.

“మాటలు తరవాత. నిన్న నల్లనీళ్ళు తూములోంచి దిగి నా కాళ్ళముందే పడ్డాయి. ఇనుములోనే పుట్టి పెరిగినోణ్ణి, ఆ నీళ్ళేటో నాకు తెల్దేటి?” మెట్లవైపు తిరిగి ఆగాడు. “నానుమాత్రం పైకొచ్చి ఆపినానా?”

ఇద్దరూ ఒకేసారి కార్పెట్‌వైపు చూశారు.

“మీ అమ్మగారిని వొచ్చే ఆదివారం రమ్మని సెప్పు బాబూ,” మెట్లు దిగుతూ అన్నాడు అర్జునరావు. “అప్పటికి ఆరిపోద్దిలే. దానిమీదే కూకోబెడదాం.”