స్విచ్‌బోర్డు వెనక గోడ

మధ్యాహ్నం 1.40కి తలుపు పగలగొట్టారు.

లోపల గడియ వేసి ఉంది. కిటికీ మూసి ఉంది. ఏసీ నడుస్తోంది. విత్తనాల గోడౌన్ గుమాస్తా బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. చనిపోయి గంట దాటిందని డాక్టర్ చెప్పాడు.

మూడో రోజు రిపోర్ట్ వచ్చింది. ఒంట్లో ఫాస్ఫిన్. విత్తనాలకు పురుగు పట్టకుండా పెట్టే మాత్రల నుంచి వచ్చే గ్యాస్ అది.

గుమాస్తా గదికీ గోడౌన్‌కీ మధ్య ఒకటే గోడ. చనిపోవడానికి ముందురోజు సాయంత్రం 5.15కి గోడౌన్‌లో మాత్రలు పెట్టారు. పెట్టింది గుమాస్తా బావమరిది. మాత్రల డబ్బా తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. "నిన్ను ఆ గదిలోనే సమాధి చేస్తా బావా" అని వారం క్రితం అతను అరవడం ఆరుగురు విన్నారు.

ఇన్‌స్పెక్టర్ అతన్ని లాకప్‌లో వేశాడు. మర్నాడు పదకొండింటికి కోర్టులో హాజరుపరచాలి.

"ఎందుకు గొడవ పడ్డావ్?"

"నలుగురి ముందు మా అక్కని కసురుకున్నాడు సార్. నోరు జారాను."

"గదిలో మాత్ర పెట్టావా?"

"పెడితే బూడిద మిగలాలి కదా సార్. మీరు చూశారా?"

ఇన్‌స్పెక్టర్ చూడలేదు.

"మరి గ్యాస్ ఎలా వెళ్లింది?"

"అదే తెలీక చస్తున్నా. తలుపులకీ వెంటిలేటర్లకీ నేనే టేప్ వేశా. మధ్యలో సిమెంట్ దిమ్మల గోడ. దానికి ప్లాస్టరింగ్ కూడా ఉంది." కటకటాలు పట్టుకున్నాడు. "అక్క వచ్చిందా సార్?"

"రాలేదు."

"రాదులెండి. నేనే చంపాననుకుంటోంది."

మూడింటికి ఇన్‌స్పెక్టర్ ఆ గదికి వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికాడు. బూడిద లేదు. లేచేటప్పుడు స్విచ్‌బోర్డు కనిపించింది. ఫ్యాన్ పాతది, లైట్ పాతది, బోర్డు మాత్రం కొత్తది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు.

"ఇదెప్పుడు మార్చావ్?"

"మూడు నెలలైంది సార్. ఏడాదిలో ఇది మూడోది."

"మిగతా గదుల్లో?"

"ఒక్కటీ మార్చలేదు. ఈ గది నా మీద పగబట్టింది."

బోర్డు విప్పించాడు. రాగి తీగల కొసలు బొగ్గులా ఉన్నాయి.

"కాలాయా?"

"కాలితే పైన ప్లాస్టిక్ కరగాలి కదా సార్. అది చెక్కుచెదరలేదు. మేనేజర్ గారికి ప్రతిసారీ చూపించా. మార్చెయ్, నోరు మూసుకో అన్నారు."

గోడౌన్‌లో మాత్రలు మూడు నెలలకోసారి పెడతారు. ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తెప్పించాడు. బోర్డు మార్చిన ప్రతిసారీ, అంతకు రెండు మూడు రోజుల ముందే మాత్రలు పెట్టారు.

గోడౌన్ తలుపులు ఉదయమే తెరిచి గ్యాస్ వదిలేశారు. 4.20కి కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి చుట్టూ టేప్ వేయించాడు. తాను లోపలే ఉండి, గడియ మాత్రమే ఊడిన తలుపును మూసి, బయటి నుంచి సందులకు టేప్ వేయమన్నాడు. ఫ్యాన్ తిరిగింది. గదిలో గాలి బయటికి పోతోంది. చెవులు దిబ్బడేశాయి. తలుపు లాగి చూశాడు. రాలేదు. చచ్చినవాడు కూర్చున్న కుర్చీ పక్కనే నిలబడి సిగరెట్ వెలిగించి, గోడ పొడుగునా పట్టుకుంటూ నడిచాడు. పొగ గోడ దగ్గర అల్లాడలేదు. స్విచ్‌బోర్డు కన్నం దగ్గర మాత్రం ఎవరో ఊదినట్టు మొహం మీదికి కొట్టింది.

మర్నాడు 9.30కి అందరినీ ఆ గదిలోకే పిలిచాడు. మేనేజర్, ఎలక్ట్రీషియన్, గోడ కట్టిన మేస్త్రీ, బేడీలతో బావమరిది. గుమ్మం బయట గుమాస్తా భార్య.

"ఈ దిమ్మల పొట్ట ఖాళీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గోడ లోపల గొట్టాలు నిలబెట్టినట్టే. పైన పూత ఉంటేనే గాలి ఆగుతుంది. మేస్త్రీ, గోడౌన్ వైపు ఎంతెత్తు పూశావ్?"

"ఫాల్స్ సీలింగ్ దాకా సార్. అది ముందే బిగించేశారు. ఎక్కడైనా అంతే చేస్తాం. ఆ పైన ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడలేదు. గ్యాస్ చూసింది. సీలింగ్ పలకల సందుల్లోంచి పైకెక్కింది. పూత లేని దిమ్మల్లో దూరింది. గోడ పొట్టలోంచి దిగి, బోర్డు కోసం కొట్టిన కన్నంలోంచి ఇక్కడికొచ్చింది. ఈ గ్యాస్ రాగిని తినేస్తుంది. మూడుసార్లు తిని చూపించింది."

మేనేజర్ నిట్టూర్చాడు. "పాపం. ఇలాంటివి ఎవరికి తెలుస్తాయి సార్?"

"మూడు నెలల క్రితం దాకా ఈ గది ఎవరిది?"

మేనేజర్ తలుపు వైపు చూశాడు.

"సార్‌దే," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఏసీ గది గుమాస్తాకిచ్చి, మీరు గేటు పక్క రేకుల షెడ్డులోకి ఎందుకు మారారు?"

"తలనొప్పి వచ్చేది."

"ఎప్పుడు?"

మేనేజర్ నేల చూశాడు. "మందు పెట్టినప్పుడల్లా."

"గుమాస్తాకి చెప్పారా?"

"చెబితే గోడౌన్ మూసేయమనేవాళ్లు."

10.05కి బేడీలు బావమరిది చేతుల నుంచి మేనేజర్ చేతులకు మారాయి.

"నువ్వెళ్లొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బావమరిది గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "మాత్రలు పెట్టింది నేనే కదా సార్."

అందరూ వెళ్లారు. అతను కదల్లేదు. అప్పుడు అక్క లోపలికి వచ్చింది. నాలుగు రోజులుగా ఆమె తమ్ముడి మొహం చూడలేదు.

"నిన్ను నమ్మానని అబద్ధం చెప్పనురా. నమ్మలేదు," అంది. "ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు. లే."

అతను లేచాడు. గడప దగ్గర ఆగిపోయాడు. ఆమె వీపు మీద చెయ్యి వేసి బయటికి నెట్టింది.